నిన్న కనపళ్ళేదేం భాయ్?

ప్రశ్న: మాకు నెల్లూరు చిన్నబజారు దగ్గర లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. కటింగ్ చేసే భాయ్‌కి అరవై దాటాయి, నేను పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆయనే. మొన్న చెప్పకుండా ఒకరోజు రాలేదు. మర్నాడు సరదాగా, సినిమాల్లో విన్న ఉర్దూతో ‘కల్ తూ క్యోం నహీం ఆయా?’ అన్నా. ఆయన టేపు మెడలో వేసుకుని కత్తెర పట్టుకున్నారు, సాయంత్రం దాకా తలెత్తలేదు. నేనేం తప్పన్నాను? (ఒక పాఠకురాలు)

జవాబు: ‘నిన్నెందుకు రాలేదురా’ అన్నారమ్మా, ఇంకేం కావాలి! తూ అన్నారు, దానికి తోడు ఆయా. ఉర్దూలో దేవుణ్ణి తూ అంటారు, మేనల్లుణ్ణీ తూ అంటారు, అరవై దాటిన భాయ్‌ని మాత్రం అనరు. ఆయన్ని ‘ఆప్’ (మీరు) అనాలి, అప్పుడు ఆయా కాస్తా ‘ఆయే’ అవుతుంది. మనకు ఇక్కడే తికమక, ఎందుకంటే మన ‘రాలేదు’కి ఆడా మగా, చిన్నా పెద్దా ఏమీ లేదు, నేను రాలేదు, ఆయన రాలేదు, వాళ్ళు రాలేదు, అన్నిటికీ అదొక్కటే సరిపోతుంది, వాళ్ళకట్లా కాదు, అదే మాట భాయ్ గారి భార్యని అడగాలంటే ‘ఆప్ క్యోం నహీం ఆయీం’ అనాలి.

సరే, ఆప్ పెట్టి, ఆయే పెట్టి అడిగారనుకోండి, అప్పుడూ అది లెక్క అడిగినట్టే ఉంటుంది. రాని మనిషిని ‘క్యోం’తో మొదలుపెట్టి అడగొద్దు. ముందు సలాం, ఆ తర్వాత ‘ఖైరియత్ తో హై భాయ్? కల్ నజర్ నహీం ఆయే’. అంతా క్షేమమేనా, నిన్న కనపళ్ళేదే అని. ఇంక మీరేం అడగక్కర్లేదు, ‘తబియత్ ఠీక్ నహీం థీ’ (ఒంట్లో బాలేదు) అనో, ఇంట్లో ఫలానా అనో ఆయనే చెప్తారు. మన వీధుల్లో వినపడే దక్కనీలో అయితే ‘కల్ కైకు నై ఆయే?’ అంటారు, అది సాటివాళ్ళ మధ్య బాగుంటుంది, ఓనరు నోట్లోంచి వస్తే కాస్త గట్టిగా తగులుతుంది. బాగా చనువుంటే, చాన్నాళ్ళకు కనపడితే ‘ఈద్ కా చాంద్ హో గయే’ అనొచ్చు, అచ్చం మన ‘నల్లపూసైపోయారే’.

ఇంకోటి, కల్ అంటే నిన్నా అదే, రేపూ అదే. ఆయన ‘కల్ నహీం ఆఊంగా’ అంటే రేపు రానని. ఇది తెలీక పెళ్ళి బ్లౌజులు ఒప్పుకునేరు!

అసలు మీ భాయ్‌కి తెలుగు రాదా ఏంటి? రేప్పొద్దున టీ తెప్పించి ‘ఏం భాయ్, మొన్న రాలా, ఒంట్లో బాగుందా?’ అనండి, మీ ఉర్దూకి సారీ కూడా అప్పుడే చెప్పేయండి.

ప్రశ్న: మా ఆఫీసు రిజిస్టర్లో రాసే ‘గైర్హాజరు’ ఉర్దూ మాటేనా? (కందుకూరు పాఠకుడు)

జవాబు: అవును, హాజరు కాకపోతే గైర్ హాజిర్. పాలవాడు నాగా పెట్టాడంటామే, ఆ నాగా కూడా అటునుంచి వచ్చిందే.