కడగని జెల్‌నే పరీక్షించు

చి. స్రవంతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) థీసిస్‌కి పల్ప్‌ని, అంటే పంటి లోపలి మెత్తటి కణజాలాన్ని, తిరిగి పెంచే ఇంజెక్షన్ జెల్ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మురిసిపోయాను, ఆ వెంటనే గుండె గుబుక్కుమంది. ఈ జెల్ రేపు వెళ్లేది ఎక్కడికి? ఆటల్లో పడి పన్ను విరగ్గొట్టుకున్న, వేరు కొన ఇంకా మూసుకోని ఎనిమిదేళ్ల పిల్లల ముందుపళ్లలోకి. ఆ పన్ను పోతే మళ్లీ రాదు.

తెలిసినవాటికి ఒక్కో ముక్క చాలు. ఎథిక్స్ కమిటీ అనుమతి, సంతకం పెట్టిన సమ్మతి పత్రం చేతికి రాకుండా ఒక్క జ్ఞానదంతం కూడా ముట్టుకోకు. కణాలు తీసే పన్ను పీకగానే మీడియంలోకి (కణాలు బతికే పోషక ద్రవంలోకి) వెళ్లాలి. మిగతా పరీక్షల పళ్లని 0.5 శాతం క్లోరమైన్-టిలో వారం ఉంచి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లోకి మార్చు. ఫార్మలిన్ జోలికి పోకు.

ఇక నన్ను కంగారుపెట్టే సంగతి. జెల్‌ఎమ్‌ఏ (వెలుగు తగిలితే గట్టిపడేలా మార్చిన జెలటిన్) వాడుతున్నావట. 10 శాతం జెల్‌ఎమ్‌ఏలో కాస్త ఎల్‌ఏపీ (వెలుగు తగలగానే గట్టిపడటం మొదలెట్టించే రసాయనం) కలిపి 405 నానోమీటర్ల ఊదా వెలుగు పెడతారు, తెలుసు. ఏసీ 22 డిగ్రీల్లో ఉంటే ఆ జెలటిన్ వెలుగు అక్కర్లేకుండానే గడ్డకడుతుంది. సూదితో గుచ్చి చూసి "క్యూర్ అయింది" అని నోట్‌బుక్‌లో రాసేస్తారు. పిల్లాడి నోరు 37 డిగ్రీలు. వెలుగు అందని అడుగు భాగం అక్కడ మళ్లీ నీరైపోతుంది. ఈ పాత తప్పును ఇన్నాళ్లూ కప్పిపుచ్చుతున్నది కడగడం. 2 మి.మీ. బిళ్ల పోసి, రాత్రంతా పీబీఎస్‌లో (కణాలకు హాని చెయ్యని ఉప్పునీటి ద్రావణంలో) నానబెట్టి, పొద్దున కణాలమీద పెడతారు. గట్టిపడని జెల్‌ఎమ్‌ఏ, మిగిలిన ఎల్‌ఏపీ అప్పటికే సింకులోకి పోయాయి, కణాలు హాయిగా బతుకుతాయి. పంట్లో పెట్టిన జెల్‌ని రాత్రంతా ఎవరు కడుగుతారే?

లోపలి వ్యాసం 1.5 మి.మీ. ఉన్న నల్ల సిలికాన్ గొట్టాన్ని 10 మి.మీ. పొడవు కోసుకో, అదే నీ పంటివేరు అనుకో. 27 గేజ్ సూదిని అడుగుదాకా దింపి, నింపుకుంటూ పైకి రా. పైనుంచి పోస్తే గాలి బుడగ కిందే చిక్కుకుంటుంది. వెలుగు పైచివర నుంచి మాత్రమే చూపించు. తర్వాత గొట్టాన్ని ఫ్రిజ్‌లో చల్లబరిచి, చీల్చి, జెల్‌ని 2 మి.మీ. ముక్కలుగా కొయ్యి. చల్లబరచకపోతే గట్టిపడని భాగం బ్లేడుకే అంటుకుపోతుంది. ఒక్కో ముక్కనీ తూచి 37 డిగ్రీల పీబీఎస్‌లో ఒక రోజు విడివిడిగా ఉంచు. కరిగిపోయిన మొదటి ముక్క దగ్గరే నీ వెలుగు ఆగినట్టు. అన్నట్టు, పళ్లు నింపే కాంపోజిట్‌కి వాడే మామూలు ఎల్‌ఈడీ లైటు 460 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, ఎల్‌ఏపీ దానికి దాదాపు కదలదు. మీ క్లినిక్ లైటు మీది అంకె చదువుకో.

విషపరీక్షకి కూడా జెల్ గట్టిపడగానే, కడక్కుండా మీడియంలో నానబెట్టి దాని సారం తియ్యి. వైద్య పరికరాల పరీక్షల ప్రమాణం ఐఎస్ఓ 10993 లెక్కన మిల్లీలీటరు మీడియంకి 0.2 గ్రాముల జెల్, 37 డిగ్రీలు, 24 గంటలు. జెల్ మీడియంని తాగేస్తుంది, కాబట్టి ముందే ఓ ముక్క నానబెట్టి, తూచి, తాగినంత అదనంగా పొయ్యి. బతికిన కణాలు 70 శాతానికి తగ్గితే విషమున్నట్టే. కడిగిన బిళ్లల సెట్టు పక్కనే పెట్టుకో, రెండూ థీసిస్‌లో రాయి. గైడ్ గారు కడిగినవే చూపించమంటే మర్యాదగానే వాదించు.

జెలటిన్‌లో ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) ఎక్కువ. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌కీ ఆటోక్లేవ్‌కీ అది పోదు. దాన్ని పట్టే ఎల్‌ఏఎల్ పరీక్ష చేయించకుండా కణాలు మంటపడ్డాయని జెల్‌ని తిట్టకు.

అలిజరిన్ ఎరుపు (కాల్షియం పేరుకున్నచోట కనబడే రంగు) చూసి ఎగిరి గంతెయ్యకు. బీటా-గ్లిసరోఫాస్ఫేట్ (ఫాస్ఫేట్ ఇచ్చే పదార్థం) ఉన్న మీడియంలో కణాలు లేని జెల్ కూడా ఎర్రబడొచ్చు. కణాలు లేని జెల్‌ని ప్రతి ప్లేటులో కంట్రోల్‌గా ఉంచు. మా తరం కాల్షియం హైడ్రాక్సైడ్ కింద ఏర్పడిన డెంటిన్ (పంటి గట్టి పదార్థం) వంతెనను ఎక్స్-రేలో చూసి పొంగిపోయేది. కోసి మైక్రోస్కోపు కింద పెడితే సొరంగాలు కనిపించేవి.

పంటివేరు కాలువను చివరిసారి కడిగిన ఈడీటీఏ ద్రావణం మిగిలిపోకుండా సెలైన్‌తో తుడిచెయ్యి. ముందుముందు ఆల్జినేట్‌కి (కాల్షియంతో గడ్డకట్టే జెల్‌కి) మారావంటే ఈడీటీఏ కాల్షియంని లాగేసి జెల్‌నే విప్పేస్తుంది.

ఊదా లైటు వేసేటప్పుడు నారింజ కళ్లద్దాలు పెట్టుకో తల్లీ, నీ కళ్లు నీకు కావాలి. కడగని ముక్కల ఫోటోలు ముందు పంపు, కడిగినవి తీరిగ్గా చూస్తాను.

నీ పెద్దమ్మ