బోరు నీళ్లకు గీజర్ ఎక్కువ రోజులు రావాలంటే ఏం చేయాలి?

రెండేళ్లకే గీజర్ పోయింది, కొత్తదాన్ని ఎట్లా కాపాడుకోవాలి అని అడిగారు కదా, మాది ఆదిలాబాద్ జిల్లా బేల సైడు, పెన్‌గంగ దాటితే మహారాష్ట్రే, చలికాలం వచ్చిందంటే గీజర్ లేకుండా మాకు పొద్దు గడవదు కాబట్టి చెప్తున్నా. అసలు శత్రువు నీళ్లలో ఉండే సున్నం. పోయిన ఏడాది మాది విప్పిస్తే ఎలిమెంట్ (నీళ్లను వేడి చేసే కాయిల్) మీద గుడ్డు పెంకు లెక్క తెల్లగా పేరుకుని ఉంది, గోటితో గీకితే పెచ్చులు పెచ్చులు ఊడింది. ఆ పొర వేడిని నీళ్లలోకి సరిగ్గా పోనివ్వదు, దాంతో ఎలిమెంట్ లోపలే మాడి కాలిపోతుంది.

ఇంకోటి, ట్యాంక్ లోపల మెగ్నీషియం రాడ్ ఉంటుంది, యానోడ్ అంటారు, ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు తను తీసుకుని మెల్లగా కరిగిపోతుంది, చాలామందికి అది ఉందనే తెలీదు. అది అరిగిపోయాక ట్యాంకే చిల్లు పడుతుంది, ఇక రిపేర్ కాదు. అందుకే ఏడాదికోసారి చలి మొదలవ్వకముందే మెకానిక్‌ని పిలిచి సున్నం తీయించండి, రాడ్ సన్నబడితే మార్పించేయండి, కొత్త గీజర్ ధర ముందు ఆ ఖర్చు ఏపాటిది.

థర్మోస్టాట్, అంటే నీళ్లు ఎంత వేడెక్కాలో పెట్టే నాబ్, 75 డిగ్రీల దాకా తిప్పకండి, 55-60 చాలు, వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువ పడుతుంది. ట్యాంక్ నిండి వేడినీళ్ల నల్లాలో ధార రాకముందే స్విచ్ వేయొద్దు. సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు కారుతున్నాయని ఎవరైనా దాన్ని మూసేస్తా అంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి, లోపలి ప్రెజర్ బయటికి పోయే దారి అదే, మూసుకుపోతే ట్యాంక్ పేలొచ్చు.