బంగారు పూత పిన్నులు, నవమి పందిరి

"ఆంప్లిఫయర్ (ఆంపు) వైర్ల చివర బంగారు పూత పిన్నులు వేయిస్తే సౌండ్ బాగుపడుతుందా, మామూలు నికెల్ పిన్నులు చాలా?" అని అడిగారు. బాగుపడదండీ. ఇంట్లో ఒకసారి గుచ్చి ఏళ్ల తరబడి కదపరంటే వేయించుకోండి. రోజూ పీకి గుచ్చే పనైతే నికెలే మేలు.

మాది గుంటూరు. నాన్నగారి నాటి నుంచీ మైక్ సెట్ వ్యాపారం. ఒకసారి ఎవరి మాటో విని, మైకుల సౌండ్ అంతా కలిపే మిక్సర్‌కీ ఆంపుకీ మధ్య వైర్లన్నిటికీ బంగారు పిన్నులు వేయించాను, ఒక్కోటి 350 రూపాయలు. నాన్న చూసి "ఎవరి పెళ్లికిరా ఈ నగలు?" అన్నారు.

ఏడాది తిరిగేసరికి శ్రీరామనవమి. మా పేట పందిట్లో హరికథ. దాసుగారు శివధనుస్సు దగ్గరికి వచ్చారు. రాముడు విల్లు ఎత్తకముందే మా స్పీకర్ బాక్సులు ఫెళఫెళమన్నాయి. జనం అది మా ఏర్పాటే అనుకుని చప్పట్లు కొట్టారు! ఆ వెంటనే కుడిపక్క బాక్సు మూగబోయింది. పిన్ను నొక్కి పట్టుకుంటే పలుకుతుంది, వదిలితే పోతుంది. కథ అయ్యేదాకా మా కుర్రాడు ఆంపు వెనక చతికిలబడి దాన్ని పట్టుకునే కూర్చున్నాడు. పానకం గ్లాసు కూడా వాడి నోటికి నేనే అందించాను.

మర్నాడు ఎండలో పెట్టి చూస్తే పిన్ను ముక్కున బంగారం లేదు. ఇత్తడి తేలి, దాని మీద పచ్చగా చిలుము. చవక పిన్నుల మీద పూత మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) పదో వంతు కూడా ఉండదు, రోజూ గుచ్చి పీకితే అరిగిపోదూ? మంచివాటికి ముప్పాతిక మైక్రాన్ దాకా వేస్తారు, అదీ కింద నికెల్ పొర వేసి. ఆ పొర లేకపోతే ఇత్తడిలోని రాగి, జింకు మెల్లగా బంగారంలోంచి పైకి పాకుతాయి. నావాటికి నికెల్ వేయలేదు, చూస్తేనే తెలిసిపోయింది.

కరెంటు బాగా పారుతుందని బంగారం వేస్తారనుకుంటారు చాలామంది. ఆ లెక్కలో వెండి మొదటిది, రాగి దానికి కాస్త వెనక. బంగారం రాగిలో 70-75 శాతమే. దాని గొప్పంతా చిలుము పట్టకపోవడంలోనే ఉంది. వెండి పిన్నులంటారా, కాళ్ల పట్టీలు ఏమవుతున్నాయో ఇంట్లో అడగండి. ఇంకోటి, తగరం పూత సాకెట్‌లో బంగారు పిన్ను గుచ్చకండి. కదిలినప్పుడల్లా తగరం రాలి, గాలికి ఆక్సైడ్ పొడిగా మారి బంగారానికే అంటుకుంటుంది. రెండువైపులా ఒకే లోహం ఉండాలి.

అసలు నా ఒళ్లు మండేది వేరే. వేలు పోసి కేబుల్ కొంటారు, గుయ్‌మని హమ్మింగ్ వస్తోందని, షాక్ కొట్టకుండా కాపాడే ఎర్త్ పిన్నునే ప్లగ్గు నుంచి విరిచేస్తారు! తడి చేత్తో మైకు పట్టుకునేవాడి సంగతి ఎవరికీ పట్టదు. మొన్నొక పెళ్లివారు సీరియల్ లైట్లకీ నా ఆంపుకీ కలిపి కరెంటు చాలని ఒకే జనరేటర్ ఇచ్చి, "బేస్ సౌండ్ దబదబమని రావట్లేదేంటండీ" అని నన్నే అడిగారు.

మీరు కొనేటప్పుడు రంగు చూడకండి. పిన్ను గుచ్చి పీకి చూడండి, గట్టిగా పట్టుకోవాలి. లూజుగా ఉంటే ఏ పూతైనా గరగరే. సోల్డరింగ్ మీరే చేసుకోండి. నవమి రాత్రే నాన్న పాత డబ్బాలోంచి నికెల్ పిన్నులు తీసి వేశాను, అవే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ బంగారు పిన్నుల్ని మా ఆవిడ చింతపండు పెట్టి తోమింది. తళతళా మెరుస్తున్నాయి, గరగర మాత్రం అలాగే ఉంది.