కొత్తగా పెట్టిన మెత్తని పగడం ముడుచుకుపోతే ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లోని 60 లీటర్ల సముద్రపు నీటి అక్వేరియంలో ఐదు రోజుల క్రితం పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఒక టోడ్‌స్టూల్ లెదర్ కోరల్‌ను, గుంపుగా పెరిగే చిన్న పువ్వుల్లాంటి జోయాంథిడ్‌ల చిన్న ముక్కను పెట్టాను. లెదర్ కోరల్ పాలిప్‌లు (పువ్వుల్లా విచ్చుకునే చిన్న భాగాలు) ముడుచుకుపోయి, పైన మెరిసే పొర కట్టింది. జోయాంథిడ్‌లు సగమే విచ్చుకుంటున్నాయి. లైటు పెంచాలా, మందు వేయాలా, చోటు మార్చాలా?

జవాబు: మీరు అడిగిన మూడు పనుల్లో ఏదీ ఇప్పుడు చేయవద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి మీ లెదర్ కోరల్ పొర విడుస్తున్నట్లుంది. సార్కోఫైటాన్ ప్రజాతికి చెందిన ఈ పగడం తన ఒంటి మీద పేరుకున్న నాచును, మడ్డిని వదిలించుకోవడానికి మైనం పూసినట్లుండే పలుచని పొరను కట్టుకుని, అది పోయేదాకా పాలిప్‌లను పూర్తిగా లోపలికి లాక్కుంటుంది. కొన్నాళ్లకు ఆ పొర ఉల్లిపొరలా అంచుల దగ్గర లేచి, ముక్కలుగా ఊడిపోతుంది. చోటు మారిన పగడంలో ఇది మరీ సాధారణం. వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం కూడా పట్టవచ్చు.

ఈలోగా టోపీని కాకుండా కాడను గమనించండి. కాడ బిగువుగా నిలబడి ఉంటే ఓపిక పట్టవచ్చు. మొదలు దగ్గర నల్లబడి, మెత్తబడి, కండ జారిపోతూ దుర్వాసన వస్తుంటే మాత్రం అది కుళ్లు. అప్పుడు పదునైన శుభ్రమైన బ్లేడుతో కుళ్లిన భాగాన్ని, దానిని ఆనుకున్న కొద్దిపాటి మంచి భాగంతో సహా కోసివేయాలి.

పొర ఊడటానికి నీటి కదలిక చాలా ముఖ్యం. పంపు ధార నేరుగా పగడానికి తగలకుండా, అద్దానికో రాయికో కొట్టుకుని మళ్లీ వచ్చే ప్రవాహం దానిని మెల్లగా ఊపేలా పంపును తిప్పి పెట్టండి.

ఇక వెలుతురు సంగతి. పగడం ముడుచుకోగానే లైటు పెంచడం నేను తరచుగా చూసే పొరపాటు. ఈ పగడాల కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు ఉండి, కాంతితో తయారుచేసిన ఆహారంలో ఎక్కువ భాగం పగడానికే ఇస్తాయి. అలవాటు లేని తీవ్రమైన కాంతి ఒక్కసారిగా పడితే వాటిలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుట్టి, పగడం ఆ శైవలాలనే బయటకు నెట్టివేసి తెల్లబడిపోతుంది. అందువల్ల కొత్త పగడాన్ని పెట్టేటప్పుడే తొట్టి అడుగు భాగంలో ఉంచి, ఎల్ఈడీ తీవ్రతను మీరు మామూలుగా వాడే దానిలో సగానికి తగ్గించి, వారానికి 10 శాతానికి మించకుండా పెంచుకుంటూ వెళ్లండి.

చిన్న తొట్టిలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఉప్పదనంలో ఊగిసలాట. 60 లీటర్ల నీటిలో 2 లీటర్లు ఆవిరైతే, ఉప్పు అంతా తొట్టిలోనే మిగిలిపోతుంది కనుక, 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) ఉన్న ఉప్పదనం 36 దాటుతుంది. తరువాత ఒకేసారి మంచినీరు పోస్తే మళ్లీ పడిపోతుంది. రోజూ ఒకే వేళకు, ఆవిరైనంత మేరకే ఆర్.ఓ. నీటిని నెమ్మదిగా పోసి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో సరిచూసుకోండి. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీల సెల్సియస్, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8–9 డీకేహెచ్ (దాని కొలమానం) దగ్గర నిలకడగా ఉంటే చాలు. నైట్రేట్ సున్నాకు దిగాలని ఆరాటపడవద్దు, మెత్తని పగడాలకు 5–15 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) నైట్రేట్ మేలే చేస్తుంది.

మందు అనుకుని చేపల కోసం అమ్మే రాగి కలిసిన ద్రావణాలను పొరపాటున కూడా వేయకండి. వెన్నెముక లేని జీవులన్నిటికీ రాగి విషం. లెదర్ కోరల్ నీటిలోకి వదిలే టెర్పీన్ రసాయనాలు పక్కనున్న పగడాలను ఇబ్బంది పెడతాయి కాబట్టి, ఫిల్టర్‌లో ఆ రసాయనాలను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఉంచి, రెండు మూడు వారాలకొకసారి మార్చండి. రెండు పగడాల మధ్య కనీసం ఒక జానెడు ఎడం ఉండాలి.

జోయాంథిడ్‌లు సగమే విచ్చుకోవడానికి పురుగు కారణం కావచ్చు. లైట్లు ఆరిన గంట తరువాత టార్చితో చూడండి. వీటిని తినే న్యూడిబ్రాంక్ (గుల్ల లేని చిన్న సముద్రపు నత్త) తాను తిన్న పాలిప్ రంగునే సంతరించుకుని, అదే ఆకారంలో వాటి మధ్య ఒదిగిపోతుంది, పగటిపూట చూపుకు ఆనదు. కనిపిస్తే ముక్కను బయటకు తీసి కోరల్ డిప్‌లో (పగడాల మీది పురుగులను వదిలించే ద్రావణం) ముంచి, అడుగున చుట్టలా అంటుకున్న గుడ్లను గీకివేయాలి. డిప్‌కు గుడ్లు చావవు కనుక వారం తరువాత మళ్లీ ముంచాలి.

ఈ పని చేసేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కొన్ని జోయాంథిడ్‌లలో పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీటిలో మరిగించకండి, పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో రుద్దకండి. ఆ ఆవిరి, తుంపరలు ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాపాయం. పని అయ్యాక ఊపిరి అందకపోయినా, కండరాలు నొప్పిపుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ జీవిని పట్టుకున్నారో వైద్యునికి చెప్పండి.