అమెరికాలో కాలేజ్ బాస్కెట్‌బాల్ టీం స్టాఫ్‌గా కెరీర్ ఉంటుందా?

మీ తమ్ముడు డేటా అనలిటిక్స్‌లో ఎంఎస్ చేస్తూ కాలేజ్ బాస్కెట్‌బాల్ టీంలో మేనేజర్‌గా చేరాడు, ఇప్పుడు ఐటీ వద్దు ఈ లైన్‌లోనే ఉంటా అంటున్నాడు, ఇంట్లో గొడవ అవుతోంది, దీన్లో భవిష్యత్తు ఉందా అని అడిగారు. ఉందండీ. కానీ ఇది కాలేజీ ఇచ్చే ఉద్యోగంలా కనపడుతుంది గానీ నిజానికి హెడ్ కోచ్ చేతిలో ఉండే ఉద్యోగం. ఆయన ఉంటే మీరుంటారు, ఆయన పోతే మీరూ పోతారు. నేను మేనేజర్‌గా మొదలై గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, వీడియో కోఆర్డినేటర్ చేసి ఇప్పుడు డివిజన్ వన్ (కాలేజీ ఆటల మూడు స్థాయిల్లో అన్నిటికన్నా పైది)లో ఆడే ఒక చిన్న కాలేజీలో ఆపరేషన్స్ డైరెక్టర్‌గా ఉన్నా, కాబట్టి చూసిందే చెప్తా.

మేనేజర్ అంటే ప్రాక్టీస్‌కి ముందే జిమ్‌కి వెళ్ళి బంతులు, వాటర్ బాటిళ్ళు, టవల్స్ సర్దడం, ప్లేయర్ షాట్లు వేస్తుంటే బంతి పట్టి మళ్ళీ అందించడం, చెమట పడిన చోట ఫ్లోర్ తుడవడం, ప్రాక్టీస్ జెర్సీలు లాండ్రీలో వేయడం. చాలా చోట్ల డబ్బులు రావు, వచ్చినా కొద్దిగానే. సరదా కూడా ఉంది లెండి, మ్యాచ్ ముందు రోజు రాత్రి రెండు టీంల మేనేజర్లూ ఒకళ్ళతో ఒకళ్ళు మ్యాచ్ ఆడుకునే ఆనవాయితీ ఉంది, అక్కడ అయ్యే పరిచయాలు తర్వాత బాగా పనికొస్తాయి, నా రెండో ఉద్యోగం ఖాళీ అవుతోందని ముందుగా చెప్పింది అలా పరిచయమైన వాడే.

ఈ పనిని తక్కువగా చూడక్కర్లేదు. 2020లో లేకర్స్ టీంకి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) టైటిల్ గెలిపించిన కోచ్ ఫ్రాంక్ వోగెల్, కెంటకీ యూనివర్సిటీలో హెడ్ కోచ్ రిక్ పిటినో దగ్గర స్టూడెంట్ మేనేజర్‌గా చేసినవాడే. ఎరిక్ స్పోయెల్‌స్ట్రా 1995లో మయామీ హీట్ అనే ఎన్‌బీఏ టీం వీడియో రూంలో చేరి 2008కి హెడ్ కోచ్ అయ్యాడు. మీ తమ్ముడు మీకు ఈ పేర్లు ఈపాటికి చెప్పే ఉంటాడు, అందరం చెప్తాం. అయితే వోగెల్ కథలో అసలు చూడాల్సింది వేరే ఉంది, 1997లో పిటినో బోస్టన్ సెల్టిక్స్ అనే ఎన్‌బీఏ టీంకి కోచ్‌గా వెళ్తూ అతన్ని వీడియో కోఆర్డినేటర్‌గా తనతో తీసుకెళ్ళాడు. అలా పట్టుకెళ్ళేవాడు దొరకని మేనేజర్లు ఎంతోమంది ఉంటారు, వాళ్ళ పేర్లు మనకి తెలీవు.

తర్వాతి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అంటే ఫీజు మాఫీ, కొంచెం స్టైపెండ్, మిగతా టైం అంతా టీంది. ఆ తర్వాత వీడియో కోఆర్డినేటర్. ఈ లైన్‌లో పని నేర్చుకునేది ఇక్కడే అని నా అభిప్రాయం. రాబోయే టీం ఆడిన ఆఖరి నాలుగైదు మ్యాచ్‌లు సినర్జీ అనే మ్యాచ్ వీడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ప్రతి పొజెషన్ (బంతి ఒక టీం చేతిలో ఉన్నంతసేపు సాగే ఆట) చూడాలి, వాళ్ళు పిక్ అండ్ రోల్‌ని (ఒకడు అడ్డు నిలబడి బంతి ఉన్నవాడికి దారి చేసి, తను బాస్కెట్ వైపు వెళ్ళే ఎత్తు) ఎలా గార్డ్ చేస్తున్నారు, వాళ్ళ పాయింట్ గార్డ్ (ఆట నడిపించేవాడు) ఎడమ వైపు వెళ్తే షాట్ వేస్తాడా పాస్ ఇస్తాడా, సైడ్ నుంచి బాల్ లోపలికి వేసేటప్పుడు ఏ ప్లే వాడతారు, ఇవన్నీ ట్యాగ్ చేసి, ప్లేలు ఫాస్ట్‌డ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో గీసి, అసిస్టెంట్ కోచ్ అడిగే లోపల క్లిప్పులు రెడీగా పెట్టాలి. హాఫ్ టైంలో కోచ్ లాకర్ రూంకి వచ్చేసరికి ఫస్ట్ హాఫ్ క్లిప్పులు స్క్రీన్ మీద ఉండాలి, ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయింది అంటే వినేవాడు ఉండడు. ప్లేయర్లకి రెండు నిమిషాలు దాటి వీడియో చూపిస్తే బుర్రకెక్కదు, అందుకని రాత్రంతా చూసింది ఆఖరికి పది పన్నెండు క్లిప్పులకి కుదించడమే అసలు పనితనం. నాకు ఫుల్ టైం జీతం మొదట ఏడాదికి 35 వేల డాలర్లు, నాతో ఎంఎస్ చేసినవాళ్ళు అప్పటికే ఇళ్ళు కొనే మాటల్లో ఉన్నారు. ఇది మీ తమ్ముడికి ముందే చెప్పండి.

ఇంకోటి, 2023 జూలై దాకా డివిజన్ వన్‌లో హెడ్ కోచ్ కాక ముగ్గురు అసిస్టెంట్లే కోచింగ్ చేయాలి, వీడియో వాళ్ళు, ఆపరేషన్స్ వాళ్ళు కోర్టులో ప్లేయర్‌కి ఏదీ నేర్పకూడదు. అప్పట్నుంచి ఇంకో ఇద్దరికి కోచింగ్ చేసే వీలు ఇచ్చారు. దాంతో వీడియో రూం నుంచి కోర్టు మీదకి వెళ్ళే దారి కొంచెం వెడల్పయింది, అయితే ఆ పోస్టుల కోసం మాజీ ప్లేయర్లూ వస్తారు, మనలాంటి ఎప్పుడూ కాలేజీ స్థాయిలో ఆడని వాళ్ళకి పోటీ పెరిగింది కూడా.

ఆపరేషన్స్ అంటే నా ఇప్పటి పని, బస్సులు, ఫ్లైట్లు, హోటళ్ళు, మ్యాచ్‌కి నాలుగు గంటల ముందు భోజనం, బడ్జెట్ (ఆ భోజనం ఎప్పుడూ పాస్తా, గ్రిల్ చేసిన చికెన్, నాకు గోంగూర సీసా బ్యాగ్‌లో లేకపోతే సీజన్ గడవదు). చిన్న కాలేజీలకి షెడ్యూల్ వేయడం పెద్ద తలనొప్పి. నవంబర్, డిసెంబర్‌లో పెద్ద కాలేజీలు చెక్ ఇచ్చి మమ్మల్ని వాళ్ళ ఊరికి పిలిపించుకుంటాయి, ఒక్కో మ్యాచ్‌కి 90 వేల డాలర్లు కూడా ఉంటుంది, చాలాసార్లు ఓడిపోయి వస్తాం, ఆ డబ్బు అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ ఖర్చుల్లోకి వెళ్తుంది. అలాంటివి ఎక్కువ ఒప్పుకుంటే హెడ్ కోచ్ గెలుపోటముల రికార్డ్ పాడవుతుంది, ఒప్పుకోకపోతే పైవాళ్ళకి డబ్బు చాలదు.

రికార్డ్ పాడైతే ఏమవుతుందో సీజన్ ముగిసే మార్చిలో తెలుస్తుంది. నేను ఇంతకుముందు చేసిన కాలేజీలో కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసిన లీగ్) టోర్నమెంట్‌లో ఓడిన కొద్ది రోజులకే హెడ్ కోచ్‌ని తీసేశారు, ఆయనకి మిగిలిన కాంట్రాక్ట్ డబ్బు ఇచ్చారు, మాకు కొన్ని వారాల గడువు ఇచ్చి తాళాలు, ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు. కొత్త కోచ్ తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, అందులో తప్పు పట్టడానికీ లేదు. ఏప్రిల్ మొదట్లో ఫైనల్ ఫోర్ (కాలేజీల జాతీయ టోర్నమెంట్ సెమీస్, ఫైనల్) జరిగే ఊళ్ళోనే కోచ్‌ల కన్వెన్షన్ ఉంటుంది, హోటల్ లాబీ నిండా ఉద్యోగం పోయినవాళ్ళు, వెతుక్కునేవాళ్ళు. ఖాళీలు హూప్‌డర్ట్ లాంటి సైట్‌లో వస్తాయి గానీ అక్కడ కనపడేసరికి చాలా వాటికి మనిషి ఖాయమై ఉంటాడు. నన్ను నిలబెట్టింది ఒక అసిస్టెంట్ కోచ్, ఆయనకి వేరే చోట హెడ్ కోచ్ పదవి వస్తే ఫోన్ చేశాడు.

ఇక వీసా, ఇది ఇక్కడి పిల్లలకి లేని బాధ. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి, సీజన్‌లో టీం పని ఆ గంటల్లో ఇమడదు, కాబట్టి ఆ పరిమితి కోచ్‌కి మొదట్లోనే చెప్పేయాలి. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పని చేసుకునే అనుమతి) మీద చేసే ఉద్యోగం చదివిన చదువుకి సంబంధించినదై ఉండాలి, 90 రోజులు మించి ఖాళీగా ఉండకూడదు, మార్చిలో ఉద్యోగం పోతే ఆ లెక్క ఎంత భయంగా ఉంటుందో ఊహించుకోండి. మంచి విషయం ఏంటంటే యూనివర్సిటీలకి హెచ్-1బీ వర్క్ వీసా లాటరీ అక్కర్లేదు. కానీ ఆ పనికి ఫలానా డిగ్రీయే కావాలని వాళ్ళు చూపించాలి, లాండ్రీకి, బస్సు బుకింగ్‌కి అది చూపించలేరు, డేటా అనలిస్ట్ పోస్ట్‌కైతే చూపించడం తేలిక.

అందుకే నేనైతే మీ తమ్ముణ్ణి ఐటీకి పొమ్మనను, చదివిన డేటానే టీంలోకి తెమ్మంటాను. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక, పైగా 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక, ఎవడికి ఎంత ఇవ్వచ్చు, పోర్టల్‌లో ఎవడు మన ఆటకి సరిపోతాడు అని లెక్కలేసే మనిషి కావాలి. డ్యూక్ యూనివర్సిటీ టీం 2022లోనే జనరల్ మేనేజర్‌ని పెట్టుకుంది, ఇప్పుడు చాలా చోట్ల ఆ పోస్ట్ ఉంది. సోనియా రామన్ కూడా లా చదివి, ఫిడెలిటీ అనే ఫైనాన్స్ కంపెనీలో పని చేసి, ఎంఐటీ అమ్మాయిల టీంకి 12 సీజన్లు హెడ్ కోచ్‌గా చేసి 2020లో మెంఫిస్ గ్రిజ్లీస్ అనే ఎన్‌బీఏ టీంకి అసిస్టెంట్ కోచ్‌గా వెళ్ళింది, డివిజన్ త్రీ నుంచి అండీ.

ఇప్పుడు అతన్ని రెండు అడగండి. వాళ్ళ హెడ్ కోచ్ కాంట్రాక్ట్ ఇంకా ఎన్నేళ్ళుంది, ఆయన దగ్గర పనిచేసిన పాత స్టాఫ్ ఇప్పుడు ఎక్కడున్నారు. వాళ్ళు మంచి మంచి చోట్ల ఉంటే చదువయ్యేదాకా అక్కడే ఉండమనండి. ఎవరూ కనపడకపోతే వేరే కాలేజీల్లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టులకి ఈ సీజన్ అయ్యేలోపే మెయిల్స్ పెట్టమనండి, తను చేసిన స్కౌటింగ్ రిపోర్ట్ ఒకటి జత చేసి. ఉత్త రెజ్యూమె ఎవరూ తెరవరు.