గుల్మార్గ్‌కు ఒక్కటే స్నోబోర్డు కొనాలంటే ఏం చూడాలె?

మిర్యాలగూడ తమ్మి అడిగింది ఇది: బరువు 72 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు, బూటు యూకే 9. గుల్మార్గ్‌ల స్నోబోర్డింగ్ (రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించి మంచు మీద జారుడు) కోర్సు అయింది, మలుపులు రెండు దిక్కులా వస్తున్నయి. ఏడాదికోసారి పోయేటోనికి గట్టి మంచుకూ మెత్తటి మంచుకూ పనికొచ్చే ఆల్-మౌంటెన్ బోర్డు ఏది?

బ్రాండు సంగతి తర్వాత తమ్మీ. బోర్డు నీ ఎత్తు చూడదు, బరువే చూస్తది. గడ్డం దాక రావాలె అనే పాత లెక్క పక్కన పెట్టు. ప్రతి సైజుకూ కంపెనీ బరువు పట్టిక ఇస్తది. 72 కిలోలు అందుల నడుమ పడాలె, కొసకు కాదు. నీకు 155 నుంచి 158 సెంటీమీటర్లు సరిపోతది.

ఎక్కువమంది దెబ్బతినేది వెడల్పు కాడ. యూకే 9 అంటే యూఎస్ 10, పాదం సుమారు 28 సెంటీమీటర్లు. బోర్డు నడుం, అంటే నడుమ సన్నని కాడ వెడల్పు, 254 నుంచి 258 మిల్లీమీటర్లు ఉండాలె. 248ది తీసుకుంటే, వంగి మలుపు తిప్పేటప్పుడు బూటు ముక్కు మంచుకు రాసుకుంటది, అంచు పట్టు ఇడుస్తది, బొక్కబోర్ల పడుతవ్. పోనీ అని వైడ్ బోర్డు కొంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారుడు ఆలస్యమైతది, సాయంత్రానికి పిక్కలు గుంజుతయి. బైండింగులు (బూట్లను బోర్డుకు పట్టి ఉంచే పట్టీలు) బిగించి బూట్లు పెట్టి చూడు: ముక్కు దిక్కు, మడమ దిక్కు బూటు ఒకటి రెండు సెంటీమీటర్లే బయటికి రావాలె, అదీ సమానంగ. ఒక్క దిక్కే ఎక్కువొస్తే తప్పు బోర్డుది కాదు, బైండింగు నడుమ ఉండే గుండ్రటి డిస్కు జరిపి సరిచెయ్యాలె.

ఇగ వంపు. ఇంట్ల షాబాదు బండల మీద బోర్డు పరిస్తే నడుమ చిటికెన వేలు దూరేంత సందుంటే అది క్యాంబర్. నడుం ఆని కొసలు లేస్తే రాకర్. గుల్మార్గ్‌ల గండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి సుమారు 3,950 మీటర్ల కాడ అఫర్వత్ కొండ మీద దిగితే మెత్తటి మంచు. కిందికొచ్చినకొద్ది అందరూ తొక్కి గట్టిపడ్డది. మొత్తం రాకర్ బోర్డు కింద ఉన్న గట్టి మంచు మీద పట్టు లేక జారిపోతది. మొత్తం క్యాంబర్‌ది పైన మునుగుతది, ముక్కు లేపనీకి వెనక కాలు అరిగిపోతది. అందుకే పాదాల కింద క్యాంబర్, కొసల కాడ రాకర్ ఉన్న హైబ్రిడ్ తీసుకో. ఆకారం డైరెక్షనల్ ట్విన్, అంటే రెండు కొసలూ దాదాపు ఒక్కతీరుగ ఉన్నా ముందుకు పోనీకే ఎక్కువ అనువైనది. గట్టిదనం పదిల అయిదు, ఆరు; ఈ అంకెలు కంపెనీకో తీరుగ ఉంటయి గనుక చేత్తో వంచి చూసుడే నయం.

మెత్తటి మంచు పడ్డనాడు రెండు బైండింగులూ ఒక రంధ్రం వెనక్కి జరుపు, ముక్కు తేలుతది. బైండింగుల కోణాలు ముందు కాలుకు +15 (వేళ్లు బోర్డు ముక్కు దిక్కు తిరిగి), వెనక కాలుకు -9 (తోక దిక్కు తిరిగి) డిగ్రీలతో మొదలుపెట్టు. స్క్రూలకు 3వ నంబర్ బిట్ కావాలె, చిన్నది పెడితే తల అరుగుతది. బలంకొద్ది బిగిస్తే అడుగున సొట్ట పడుతది. మొదటి రౌండ్ అయినంక ఒకసారి మళ్ల బిగించు. బోర్డుకు రంధ్రాలకు బదులు పొడుగు గాడి ఉంటే దానికి తగ్గ డిస్కు బైండింగుతో వస్తదో లేదో కొనకముందే అడుగు.

పైసలు తక్కువుంటే ముందు బూట్లు కొను, బోర్డు గుల్మార్గ్‌లనే కిరాయికి తీసుకో. ఒకరోజు 155, ఇంకోరోజు 158 తొక్కితే సైజు నీకే తెలుస్తది. బూట్ల నిలబడితే వేళ్లు ముందుకు తగలాలె, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలె, మడమ లేవొద్దు. పాత బోర్డు దొరికితే అంచు ఇనుము పొడుగూతా గోరుతో తడుము. పగుళ్లుంటే, అడుగున లోపలి చెక్క కనపడితే, పైపొర లేస్తే ఎంత సస్తాకిచ్చినా వద్దు.

మన నల్లగొండ ఎండలకు బోర్డు రేకుల గదిల, కారు డిక్కీల పెట్టకు, లోపలి జిగురు పట్టు సడలుతది. ఇంటికి రాంగనే అంచులు పొడిబట్టతోని తుడువు, తడి ఉంటే నాలుగు రోజులల్ల తుప్పే. బోర్డు అడుగుకు మైనం పూసేటప్పుడు అది పొగరాకుండ కరిగేంత వేడి చాలు, ఇస్త్రీపెట్టె ఒక్కకాడ ఆపకు. అంచుల మీద గూడ మందంగ పూసి, గీకకుండ డిసెంబర్ దాక అట్లనే ఉంచు. బైండింగ్ స్క్రూలు కొంచెం వదులు చేసి పెట్టు. ఆ ఇస్త్రీపెట్టె మాత్రం మళ్ల బట్టలకు పనికిరాదు, పాతది చూసుకో.