డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ.లో నరాల తంతువులు దెబ్బతిన్నట్టు ఎలా తెలుస్తుంది?

గుంటూరులో మీ నాన్నగారికి మామూలు ఎం.ఆర్.ఐ.తో పాటు డీటీఐ (డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్, అంటే డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ.లో ఒక రకం) కూడా డాక్టరు ఎందుకు రాశారని మీరు అడిగారు. ఈ స్కాన్ తంతువును నేరుగా చూడదు, అందులోని నీటి అణువుల కదలికను కొలుస్తుంది. బందరు కాలువలో నీళ్లు గట్ల వెంట సాగినట్టు, ఆరోగ్యంగా ఉన్న తంతువులో అణువులు పొడవునా తేలిగ్గా, అడ్డంగా కష్టంగా కదులుతాయి (నిజానికి అది ప్రవాహం కాదు, అటూ ఇటూ తారాడటమే). తంతువు పైనున్న మైలిన్ అనే కొవ్వు పొర పోతే గట్టు తెగినట్టే, అడ్డంగా కదలిక పెరుగుతుంది. పొడవునా, అడ్డంగా కదలికల మధ్య ఈ తేడాను ఎఫ్ఏ (ఫ్రాక్షనల్ యానిసోట్రోపీ) అనే అంకెలో, 0 నుంచి 1 మధ్య చెబుతారు. దెబ్బతింటే అది సాధారణంగా తగ్గుతుంది. కానీ రెండు తంతువుల కట్టలు ఒకదాన్నొకటి దాటే చోట అంతా బాగున్నా తక్కువే వస్తుంది. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడకండి, రిపోర్టు మొత్తం న్యూరాలజిస్టుకు చూపించండి.